ఇరవై నాలుగు వేలిముద్రలు

నంద్యాలలో ఆదాయపు పన్ను ఆఫీసరు క్యాంపు దిగిన బంగళా వసారాలో హన్నమ్మ పొద్దున్నుంచి గోడకానుకుని కూర్చుంది. లోపలికి రమ్మని ఆమెను ఎవరూ పిలవలేదు. ఒళ్లో సద్దిమూట విప్పకుండానే ఉంది. పొద్దు తిరిగాక పౌలు బయటికి వచ్చాడు. వస్తూనే కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు. పని చెడినప్పుడల్లా మొగుడు అట్లా చేస్తాడని, అతను తిరిగొచ్చిన ఈ ఆరునెలల్లో ఆమె కనిపెట్టింది.

“ఏమన్నారు?”

“నేను మలయాకు పోనేలేదంట.”

“ఏందీ?”

“ఇరవై నాలుగేండ్లూ ఆళ్లగడ్డలోనే ఉన్నానంట. కాగితంలో అట్లుందంట.”

హన్నమ్మకు ముందు నవ్వొచ్చింది. మొగుడు లేని ఇంట్లో ఇరవై నాలుగేళ్లు కాపురం నెట్టుకొచ్చిన మనిషికి, ఆ మొగుడు ఇంట్లోనే ఉన్నాడని సర్కారు చెబితే నవ్వు రాక ఏమొస్తుంది? నవ్వు సగంలో ఉండగానే ఒళ్లు మండింది. సద్దిమూట చంకలో పెట్టుకుని లేచింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక పౌలు నిదానంగా చెప్పాడు. మలయాలో రబ్బరు తోట ఆసుపత్రిలో అతను డ్రెస్సరు. గాయాలు కడగడం, కుట్లు వేయడం, మలేరియా మాత్రలు మింగించడం అతని పని. నెలనెలా జీతంలో కొంత కోసి, కంపెనీ తన వంతు కలిపి, ఫండులో వేసేది. తోట విడిచి సొంత దేశం పోయేవాళ్లకు ఆ ఫండు మొత్తం ఒకేసారి ఇస్తారు. అది క్రిస్మస్ తర్వాత నంద్యాల బ్యాంకుకు వచ్చింది. దాని వెనకే పన్ను నోటీసూ వచ్చింది.

“ఏండ్ల తరబడి పరదేశంలో ఉండి వచ్చినోడు, ఆడ కూడబెట్టింది తెచ్చుకుంటే పన్ను లేదంట. ఈడ కాపురముండేటోడు బయట సంపాయించి తెచ్చుకుంటే మటుకు ఉందంట. దాన్ని ఇన్నాళ్లు చెప్పకుండా దాచినందుకు జరిమానా. అంతా కలిపి ఆరునూర్ల ఇరవై.”

“ఓడ కాగితం చూపీలేదా?”

“అది ఒక్క ప్రయాణానికిచ్చేది. నాగపట్నం రేవులో దిగంగానే తీసేసుకున్నారు.”

“తోట దొర రాసిచ్చింది ఉంది గదా.”

“చూపిచ్చినా. దానికి సీలు లేదంట. మన సంఘం కాగితానికి సీలుందంట.”

అక్కడికి వచ్చేసరికి హన్నమ్మకు సంగతి అర్థమైంది. బ్యాంకువాళ్లు ఫలానా మనిషివి నువ్వేనని రుజువు తెమ్మంటే, క్రైస్తవ సంఘం ఉపదేశి బాలస్వామి ఉత్సాహపడి గుడి పుస్తకం చూసి కాగితం రాసిచ్చాడు. ‘పౌలు మా సంఘం మనిషి, ఇరవై ఐదేళ్లుగా ఒక్క ఏడు కూడా తప్పకుండా కోత పండుగకు హాజరైనాడు’ అని. మంచి మాట కదా, ఒకటి ఎక్కువ రాస్తే పోయేదేముంది అనుకున్నాడు. పోయేది ఆరునూర్ల ఇరవై అని ఆయనకేం తెలుసు?

“శుక్రవారం గడువు,” అన్నాడు పౌలు. “ఒప్పుకోని సంతకం పెడితే కిస్తుల్లో కట్టనిస్తారంట. పెట్టేస్తా. వీళ్లతోని మనం యాడ కొట్లాడేది?”

ఇరవై నాలుగేళ్లు తోటలో దొర ముందు వంగిన మెడ అది, తొందరగా పైకి లేవదు. హన్నమ్మ మెడ వేరు. బస్సు సిరివెళ్ల దాటాక అన్నది: “చేనుకని శేషయ్యకు బయానా ఇచ్చినాం. ఉగాది లోపల నిండా దుడ్లు పడకపోతే బయానా పాయ, చేను పాయ. ఆరునూర్లు తగ్గితే యాణ్ణుంచి తెస్తావ్?”

“అడుగుతా. ఇంకో రెండు నెలలు ఆగమని.”

“ఆయప్ప ఆగడు. మనం చేను కొనడం ఆయప్పకు ఇష్టమనుకుంటాండావా? అప్పుంది గాబట్టి అమ్ముతాండాడు. బయానా మిగిలితే ఇంకా సంబరపడ్తాడు.”

ఆ చేను రుద్రవరం దోవలో ఉంది. నాలుగెకరాల నల్లరేగడి. హన్నమ్మ పద్దెనిమిదేళ్లు అందులో కూలికి కలుపు తీసింది, జొన్న కోసింది, పత్తి ఏరింది. ఏ మూల రాళ్లు తేలుతాయో, వానపడితే ఏ చాలులో నీళ్లు నిలుస్తాయో శేషయ్యకు తెలియదు, ఆమెకు తెలుసు. ఫండు దుడ్లు వచ్చాయని తెలిసినరోజు ఆమె అడిగిందల్లా ఆ చేనే.

*

మర్నాడు పొద్దున పనికి పోకుండా బాలస్వామి ఇంటికి పోయింది. ఆయన బడిపిల్లల పలకలు సర్దుకుంటున్నాడు. ఆళ్లగడ్డలో ఆ పేటకంతా బడిపంతులు, ఉపదేశి, ఉత్తరాలు చదివిపెట్టేవాడు, అన్నీ ఆయనే. మంచివాడే. తాను రాసినదాంట్లో తప్పుందంటే మటుకు ఓర్చుకోలేడు.

“అన్నా, నువ్వు రాసిచ్చిన కాగితం మా కొంప ముంచింది.”

సంగతంతా విని బాలస్వామి కొంచెం నీళ్లు నమిలాడు. అయినా తగ్గలేదు. “నేను లేనిది రాయలేదమ్మా. పుస్తకంలో ఉండేదే ఎత్తి రాసినా.”

“ఆ పుస్తకం చూపీ.”

ఆయన లోపలికిపోయి పొడుగాటి బౌండు పుస్తకం తెచ్చి, మోకాలి మీద పెట్టుకుని విప్పాడు. ఏటా జొన్నకోతలయ్యాక కోత పండుగ. ఆరోజు గుళ్లో బాలస్వామి ఈ పుస్తకం తీసి ఇంటిపెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాడు. పిలిచినవాడు ‘ఉన్నా’ అని లేచి, తెచ్చిన పంటగంప ఆరాధన పీట ముందర పెట్టి, సంతకమో వేలిముద్రో వేసి పోతాడు. మగవాడు పనిమీద ఊరు విడిచి ఉంటే ఆడమనిషి లేచి ‘ఉన్నాడు’ అంటుంది. ఇల్లు సంఘంలోనే ఉంది, తలుపు మూతపడలేదు అని దానికి అర్థం. అట్లా హన్నమ్మ ఇరవై నాలుగు పండుగలకు లేచి ‘ఉన్నాడు’ అన్నది. యుద్ధకాలంలో నాలుగేళ్లు మలయా నుంచి ఒక్క జాబూ రాలేదు. పౌలు పేరు మీద గీత కొట్టేద్దామని సంఘపెద్దలు అనుకున్నారు. ఆ ఏడు ఆమె అంత గట్టిగా ‘ఉన్నాడు’ అన్నదంటే గుళ్లో చంటిపిల్లలు జడుసుకుని ఏడ్చారు. గీత పడలేదు. మొన్నటి పండుగకు పౌలు పక్కనే కూర్చుని ఉన్నా, పేరు పిలవగానే అలవాటు కొద్దీ ఆమె ‘ఉన్నాడు’ అన్నది, అతను ‘ఉన్నా’ అన్నాడు. జనమంతా నవ్వారు.

“ఇగో చూడు,” బాలస్వామి వేలు పెట్టి చూపించాడు. “పౌలు, పౌలు, పౌలు. యాడన్నా తప్పుందా?”

హన్నమ్మకు అక్షరాలు రావు. ఆమె పేరు చూడలేదు, పేరు పక్కన ఉన్నదాన్ని చూసింది. తన వేలు తనకు తెలియదా? మొదటి ఎనిమిది ముద్రలు నున్నగా ఉన్నాయి. తొమ్మిదోదాని నుంచి ప్రతి ముద్రకూ నడుమ అడ్డంగా ఒక వంకర తెల్లగీత ఉంది. ఆమె ఎడమ బొటనవేలు ఎత్తి చూసుకుంది. జొన్నకోతలో కొడవలి జారి ఎముక దాకా తెగిన చోటు అది.

కిందటి ఆగస్టులో పౌలు ఇంటికొచ్చిన రెండోరోజే ఆ వేలు పట్టుకుని చూశాడు. “ఇది ఎవరు కుట్టినారు?” అని అడిగాడు. “ఎవరూ కుట్టలే. పసుపు అద్ది గుడ్డ చుట్టినా,” అన్నది.

“ఈ ముద్ర ఎవరిదన్నా?”

“నీదే.”

“కడాకు ఉండేది?”

“అది మొన్నటి పండుగది. పౌలు సంతకం.”

“పౌలు ఇంత తోకపెట్టి సంతకం చేసేటోడు. ఇరవై నాలుగేండ్లు ఈడనే ఉంటే వేలిముద్ర ఎందుకేస్తాడు?”

బాలస్వామి పుస్తకం మూశాడు.

“శుక్రవారం ఇది ఆఫీసరుకు చూపియ్యల్ల. ఇయ్యన్నా.”

“ఇది సంఘం పుస్తకమమ్మా. కచేరీకి ఎక్కించేదా? అది తప్పు, నేనిచ్చిన కాగితం తప్పని నా నోటితో నేనే చెప్పల్నా? రేపు పెండ్లికీ బాప్తిస్మానికీ నేనిచ్చే కాగితం ఎవరు నమ్ముతారు?”

“తప్పని చెప్పొద్దు. ముద్ర ఎవరిదో చెప్పు.”

“పుస్తకం నా చెయ్యి దాటి పోదు.”

హన్నమ్మ గడప పక్కన బండ మీద కూర్చుంది. కొంగులోంచి వక్క తీసి నోట్లో వేసుకుంది. బాలస్వామి బడికి పోయి మధ్యాహ్నం వచ్చాడు, ఆమె అక్కడే ఉంది. అన్నం తిన్నాడు. ఆయన భార్య రెండుసార్లు మజ్జిగ ఇస్తే ఇచ్చినంత తాగింది. సాయంత్రం బడి వదిలి వచ్చేసరికీ కదల్లేదు. వీధినపోయే ఆడవాళ్లు ఏమైందని అడిగితే, దాచకుండా ఉన్నదున్నట్లు చెబుతూ వచ్చింది. అది బాలస్వామికి మరీ కష్టమైంది.

“ఎన్నాళ్లు కూర్చుంటావమ్మా?”

“ఇరవై నాలుగేండ్లు కూర్చున్నా గదన్నా. నాకు పనేముంది?”

“చెప్పినా గదా. పుస్తకం నా చెయ్యి దాటదు.”

“నీ చేతిలోనే పెట్టుకో. ఆ చేతిని బస్సెక్కియ్యి.”

*

శుక్రవారం పొద్దున ముగ్గురూ మొదటి బస్సెక్కారు. బాలస్వామి పుస్తకానికి తెల్లగుడ్డ చుట్టి ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులా పట్టుకున్నాడు. భార్య చేస్తున్నది సరైనదేనని పౌలుకు తెలుసు. అయినా ఆఫీసరు ముందుకు మళ్లీ పోవడమంటే భయంగా ఉంది.

వసారాలో గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆయన రావాలి. నువ్వెక్కడికి?”

“సాక్ష్యం చెప్పడానికి,” అంటూ హన్నమ్మ ఆ చెయ్యి కింద నుంచి లోపలికి పోయింది.

ఆఫీసరు కోస్తా మనిషి, నడివయసువాడు. ఎండకు తడిపిన తువాలు మెడ చుట్టూ వేసుకుని ఫైళ్లు చూస్తున్నాడు. పౌలు సంతకం చేయడానికి వచ్చాడనుకుని కలం ముందుకు జరిపాడు. హన్నమ్మ ఆ కలాన్ని వెనక్కు జరిపింది.

“ముందు ఆ పుస్తకం చూడండి సార్.”

బాలస్వామి గుడ్డ విప్పాడు. ఆఫీసరు పేజీలు తిప్పాడు. పేరు, ఏడు, తెచ్చిన పంట, ముద్ర. కొర్రలు రెండు శేర్లు, జొన్నలు ఒక గంప, కోడిపెట్ట ఒకటి. కడపటి వరసలో ఉన్న సంతకాన్నీ, పైనున్న ముద్రల్నీ ఆయన కాసేపు మార్చి మార్చి చూశాడు.

“ఈ ముద్రలు ఎవరివి?”

“ఈమెవి సార్,” అన్నాడు బాలస్వామి, నేల చూస్తూ.

“పేరేమో ఆయనది రాశారు.”

“ఇంటిపెద్ద పేరే రాస్తాం సార్. ఆడోళ్ల పేర్లు రాయం.”

ఆఫీసరు గుమాస్తాను పిలిచి సిరాదిండు తెప్పించాడు. హన్నమ్మ వేలు అద్ది తెల్లకాగితం మీద నొక్కింది. వంకరగీత స్పష్టంగా పడింది. ఆయన సొరుగులోంచి భూతద్దం తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. తల ఊపాడు కానీ పుస్తకం తిరిగి ఇవ్వలేదు.

“ముద్ర మీదే, ఒప్పుకుంటాను. అంతమాత్రాన ఆయన ఊళ్లో లేడని తేలదు కదమ్మా. ఇంట్లోనే ఉండి మిమ్మల్ని పంపి ఉండవచ్చు. ఆ ఏళ్లలో ఆయన లేడని మీరు ప్రమాణం మీద చెప్పగలరా?”

హన్నమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. నాలుక ‘ఉన్నాడు’ అనే మాటకే అలవాటుపడి ఉంది. జాబు రాని నాలుగేళ్లలో, చచ్చిపోయి ఉంటాడని అత్త కూడా అన్నప్పుడు, ఆ ఒక్కమాట పట్టుకునే ఆమె బతికింది. లేడు అనే మాట నోటితో అంటే నిజంగానే ఉండడేమోనని ఇన్నేళ్లూ ఎవరితోనూ అనలేదు. పక్కకు చూసింది. పౌలు రెండు చేతులూ కట్టుకుని నిలబడి ఉన్నాడు, జుట్టు నెరిసి, బతికి, ఎదురుగా.

“లేడు సార్,” అన్నది.

ఒకసారి అన్నాక మిగిలింది దానంతటదే వచ్చింది.

“నాకు బిడ్డ పుట్టిన్నాడు లేడు. రెండో ఏడు ఆ బిడ్డకు జరమొచ్చి పోయిన్నాడు లేడు. గాలివానకు ఇంటికప్పు లేచిపోతే నేనూ మా అత్తా గుళ్లో పడుకున్నాం, అప్పుడు లేడు. అత్త చచ్చిపోతే ముందర మట్టి ఏసింది నేను. కరువేడు గంజి కేంద్రం కాడ మా ఇంటి తరపున నా చెంబొక్కటే నిలబడింది. ఆయప్ప దుడ్లు పంపినాడు, లేదనను. మనిషి లేడు.”

గుమాస్తా రాయడం ఆపాడు.

“ఇంగా కావల్నంటే ఈ వేలు చూడండి,” ఆమె సిరా అంటిన చెయ్యి ముందుకు చాపింది. “కొడవలి తెగి ఎముక కనపడింది. మా ఆయప్ప డ్రెస్సరు సార్. ఊరుగాని ఊళ్లో ఎంతమందికో కుట్లేసినాడు. ఇంట్లో ఉంటే నాకు నాలుగు కుట్లు వెయ్యడా?”

ఆఫీసరు పౌలు వైపు చూశాడు. “ఏమయ్యా?”

పౌలు జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. భార్య చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఆసుపత్రిలో చూసినట్టు వెలుగుకు తిప్పి చూశాడు.

“కుట్లు పడలేదు సార్. పడుంటే ఇట్లా వంకరగా మానదు. ఈ గాయం అయినప్పుడు నేను లేను. ఆమె చెప్పిన ఏ రోజూ నేను లేను. సంతకం పెట్టను సార్. కేసు యాడికి పంపుతారో పంపండి, ఆడికీ వస్తాం.”

భర్త నోట అంత పొడుగు మాట హన్నమ్మ ఆరునెలల్లో వినలేదు.

ఆఫీసరు కాసేపు తువాలు చివరతో మెడ తుడుచుకున్నాడు. ఆ మనిషికి కోపం రాలేదు, కొంచెం సిగ్గయినట్టుంది. బాలస్వామి చేతికి కాగితమిచ్చి, ముద్రలు ఎవరివో, అవి ఎందుకు అట్లా తీసుకున్నారో రాసి సంతకం పెట్టమన్నాడు. బాలస్వామి చెమటలు కక్కుతూ రాశాడు. రాసినదాన్ని, తోట దొర జాబును, హన్నమ్మ ముద్ర కాగితాన్ని కలిపి ఆఫీసరు ఫైలులో పెట్టి దారం కట్టాడు.

“పన్ను లేదు. జరిమానా లేదు. పది రోజుల్లో ఉత్తరువు పోస్టులో వస్తుంది.” పుస్తకం బాలస్వామికి అందిస్తూ ఇంకో మాట అడిగాడు. “లేనాయన ఉన్నట్టు ప్రతి ఏడూ రాశారు. ఉన్న ఈమె ఉన్నట్టు ఎక్కడ రాశారు?”

బాలస్వామి పుస్తకానికి గుడ్డ గట్టిగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

బయటికి వచ్చాక పౌలు కాఫీ తాగుదామన్నాడు. హన్నమ్మ అతన్ని కాఫీ హోటలు ముందే నిలబెట్టి, ఒక రూపాయి అడిగి తీసుకుని బజారులోకి పోయింది. గాజులకేమో అనుకున్నాడు అతను. ఆమె చిన్న పొట్లం కొంగున ముడేసుకుని వచ్చింది.

*

శనివారం బడి లేదు. బాలస్వామి గుడి వసారాలో పుస్తకాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయబోతుండగా మొగుడూ పెళ్లాలు వచ్చారు.

“అన్నా, ఆ పుస్తకం తియ్యి.”

“ఇంగా ఏముందమ్మా? పని అయిపాయ గదా.”

“సర్కారు పనయింది. నాది కాలేదు. ఆ ముద్రల పక్కన నా పేరు రాయి.”

బాలస్వామి అదిరిపడ్డాడు. “పాత పుస్తకంలో కొట్టివేతలు కూడదు.”

“కొట్టెయ్యమని ఎవరన్నారు? పౌలు పేరు అట్లే ఉండనీ. దాన్ని నిలబెట్టింది నేను, నేను కొట్టేయించుకుంటానా? పక్కన ‘హన్నమ్మ’ అని రాయి.”

“నీకు రాస్తే రేపు ఆడోళ్లంతా వస్తారు.”

“రానీ.”

“పెద్దల్ని అడగల్ల.”

“ఆ పొద్దు గీత కొట్టేద్దామన్నది ఆ పెద్దలే. వాళ్లనడిగేదేంది?”

బాలస్వామి పౌలు వైపు చూశాడు. నువ్వయినా చెప్పయ్యా అన్నట్టుంది ఆ చూపు. పౌలు అప్పటికే చెప్పులు విడిచి పుస్తకం ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

“రాయన్నా. నేను చదివి చెప్తా ఆమెకు.”

దారులన్నీ మూసుకుపోయినా ఉపదేశి ఇంకొకటి వెతికాడు. “సిరా ఎండిపోయింది. సోమవారం రాండి.”

హన్నమ్మ కొంగు ముడి విప్పి పొట్లంలోంచి కొత్త సిరాబుడ్డి తీసి పుస్తకం పక్కన పెట్టింది. నంద్యాల బజారు చీటీ ఇంకా దానికి అంటుకునే ఉంది.

బాలస్వామి కలం ముంచాడు. మొదటి ముద్ర పక్కన జాగా తక్కువ. అక్షరాలు ఇరికించి రాశాడు. పౌలు చదివాడు: “హన్నమ్మ.” రెండోది. “హన్నమ్మ.” ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటే కిందికి జరుపుతూ పోయింది. తొమ్మిదోదాని దగ్గర, గీత పడిన ముద్ర దగ్గర, పౌలుకు చదవడానికి కొంచెం ఆలస్యమైంది. ఆమె తొందర చేయలేదు. పదిహేనోదానికి బాలస్వామి రాత కుదురుకుంది. ఇరవై దాటాక ఆయన చూడకుండానే రాస్తున్నాడు.

ఇరవై నాలుగోది రాసి, ఊపిరి వదిలి, ఆయన కలం పక్కన పెట్టాడు. సిరా ఆరడానికి ఇసుక చల్లి పుస్తకం మూయబోయాడు.

హన్నమ్మ పేజీ మీద చెయ్యి ఆనించింది. కడపటి వరస చూపించింది. అక్కడ పౌలు తోకసంతకం ఒక్కటే ఉంది.

“ఈ ఏడు గూడా నేనున్నా,” అన్నది. “రాయి.”